ట్యాంకు ముందర కూర్చునేది ఎవరు

నాయినా, పాపా, మీరిద్దరూ ఆ చలిదేశంలో అద్దాలు కడిగే బండి పెట్టుకుంటామంటిరంట. మీ నాయిన ఫోన్లో చెప్పినాడు. వ్యాన్లో నీళ్ళ ట్యాంకు, మోటరు, పైపు అన్నీ అమర్చిన సెట్టు అంగట్లో కొనాల్నా, మనమే చేసుకుంటే చాల్నా అని మీ ఇద్దరికీ పడలేదంట. అవ్వనడగండి, అవ్వకు తెలుసు అని నవ్వినాడంట. వాడు ఆ పొద్దు బడిలో ఉండె కాబట్టి నవ్వుతాండాడు. చూసింది నేను. మెల్లగా చెప్తా, రోంత ఓపిగ్గా ఇనండి.

మా బళ్లారిలో గనులు జోరుగా తవ్వే కాలమది. ఇనుపరాయి లారీలు ఒగదాని ఎనక ఒగటి, పైన టార్పాలు గూడా కట్టకుండా పోతాండె. ఉతికి ఆరేసిన తెల్లపంచ సాయంత్రానికి ఇటుక రంగు. ఉమ్మితే ఎరుపు. ఆ లారీల కింద మనుషులు పడతాండ్రి. పడినప్పుడంతా జనం చేరి డ్రైవర్ను కిందికి గుంజి కొడతాండ్రి. మా చేను గట్టు కాడనే ఒగ లారీని కాల్చేసిరి. టైర్లు కాలిన కంపు మా శెనక్కాయ ఆకులకు పట్టుకోని వదల్లేదు. చూసి చూసి మాకు ఎట్లైపోయిందంటే, గెట్టిగా బ్రేకు సద్దు ఇనపడితే చాలు, ఏం జరిగిందని చూడకముందే చెయ్యి రాయి ఎతుకుతాండె.

ఆ ధూళికి చేను చచ్చిపోయింది. పెరికితే ఏర్లు తప్ప కాయల్లేవు. మీ తాత ఎద్దుల్ని అమ్మి ఒగ పాత వ్యాను కొన్నాడు. గనుల్లో బాగుపడినోళ్ళు సత్యనారాయణపేటలో అద్దాల బంగళాలు కట్టినారు కదా, ఆ అద్దాలు కడిగే పని పట్టినాడు. ఆ ధూళి ఇసక మాదిరి ఉంటాది. పొడిగుడ్డతో తుడిస్తే అద్దమంతా గీతలు. ఒగ బంగళాలో అట్ల గీతలు పడినాయని యజమాని పనామె చెయ్యి పట్టుకోని గోడకేసి రుద్దినాడు, తోలు లేచేదాకా. ఆ చెయ్యి నాకు చూపించింది ఆమె. బోరు నీళ్ళతో కడిగితే ఆరినాక తెల్లగా ఉప్పు మచ్చలు. కాలవ నీళ్ళు బండిలో మోసుకుపోయి, పొడుగు గడకు బ్రష్షు కట్టి, మోటరుతో నీళ్ళు చిమ్మించి కడగల్ల. కింద అద్దాలు నా పని.

బండి తోలేది మా తమ్ముడు. మీ నాయినకు మేనమామ. కొన్నాళ్ళు రాయి లారీ తోలి, కండ్ల ముందర ఒగ మనిషి పడిపోతే ఆ పని ఇడిసిపెట్టి వచ్చినాడు. వాడు బెంగళూరు పోయి రెడీమేడ్ సెట్టు చూసొచ్చినాడు. ట్యాంకు ఎత్తుగా కాదు, నేలకు పరిచినట్ల ఉంటాదంట. లోపల అరలు అరలుగా అడ్డగోడలు. ఇనుప పట్టీలు బండి అడుగు దాటించి కింద బోల్టులు. ఉప్పు తీసే ఫిల్టరు. అంగడాయప్ప ట్యాంకు నిండా నీళ్ళు పట్టి, బండి తోలి, గట్టిగా బ్రేకు కొట్టి చూపించినాడంట. ట్యాంకు కదల్లేదు.

నాకు అర్థం కావల్లని మా తమ్ముడు చెంబులో సగం నీళ్ళు పోసి, నేల మీద జరిపి టక్కున ఆపినాడు. నీళ్ళు ఎగిరి నా చీర మీద పడినాయి.

"చూడక్కా, చెంబు ఆగింది. నీళ్ళు ఆగల్యా."

మీ తాతకు అది ఎక్కలేదు. మిరప చేనుకు మందు కొట్టే మోటరుంది, చేలో నల్ల ట్యాంకుంది, ఇనుప యాంగిల్లతో ఒగ చట్రం చేయిస్తే సరి, నీళ్ళు మోసేది బెంగళూరోడు నేర్పల్లా అన్నాడు. తాడు ఆయప్ప గర్వం. జనపతాడు నీళ్ళలో నానేసి, తడి మీదనే బిగించి కట్టేది. తడిసిన తాడు కుంచించుకోని ఇంకా బిగుస్తాది. అట్ల శెనక్కాయ బస్తాలు కొండ మాదిరి పేర్చి కట్టి ఆదోని దాకా తోలినా, ఒగ బస్తా జారలేదు అని అందరికీ చెప్తాండె. అది నిజమే.

అన్నట్లే చట్రం చేయించి, ఆ నల్ల ట్యాంకును వ్యాన్లో పెట్టి తాడుతో కట్టినాడు. మా వాకిట్లో, వ్యాను కాడ, ఇద్దరికీ మాట మీద మాట పెరిగింది.

"బావా, బస్తాలు కుదురుకుంటాయి. నీళ్ళు కుదురుకోవు."

"లారీకి భయపడి పారిపోయొచ్చినావు. ఇప్పుడు చెంబుకు గూడా భయమేనేమప్పా?"

మా తమ్ముడు ఆయప్ప గొంతు పట్టుకున్నాడు. మీ తాత చేతిలో చక్రాలిప్పే పానా ఉండె. దాంతో చెంప మీద కొట్టినాడు. చెవి సగానికి చీలి వేలాడింది. నేను మధ్యన పోతే మోచెయ్యి తగిలి నా ముందరి పన్ను ఊడింది. మీరు ఫోన్లో చూసి అవ్వా నీ పన్నేదీ అని అడిగే పన్ను అదే. నెత్తురు ఆ ట్యాంకు మీద చింది కారతాండె.

నేను అరవలేదు. నా గొంతు ఎప్పుడూ లేవదు కదా. చీర కొంగు మా తమ్ముడి చెవికి అదిమిపెట్టి, మీ తాతను ఒగటే అడిగినా.

"ఆ ట్యాంకు ముందర కూర్చునేది ఎవరు?"

"వాడే. తోలేకొచ్చేది వాడికే కదా. నా తాడు తెగదు."

మా తమ్ముడు పెరట్లో పుక్కిలించి ఉమ్మి వచ్చి, బీగంచెవి తీసుకున్నాడు. వద్దురా, తోలొద్దు అన్నా నేను. నేను తోలనంటే రేపు దెబ్బలు తినేది నువ్వే కదక్కా అని నా చెవి కాడ చెప్పినాడు. ఆ మాట నా కడుపులో అట్లనే ఉండాది.

కొన్నాళ్ళు బాగనే నడిచింది. పొద్దున్నే మీ తాత తాడుకు నీళ్ళు కొట్టి కడతాండె. అది తడారకముందే పని ముగిచ్చి ఇల్లు చేరతాంటిమి. ట్యాంకును తట్టి, చూసినారా అని మా దిక్కు చూస్తాండె.

ఆ పొద్దు ఒగ బంగళాలో పని సాగింది. మిట్టమధ్యాన్నం దాకా వ్యాను తలుపులు తెరుచుకోని ఎండలో నిలబడింది. మేము బయలుదేరేటప్పటికి ట్యాంకులో సగం నీళ్ళు మిగిలినాయి. తాడు ఎండి సొప్ప మాదిరి అయింది. తడికి బిగిసిన తాడు ఎండకు వదులవుతాది. బస్తాలైతే ఉబ్బుకోని ఆ వదులు నింపుతాయి. ట్యాంకు ఉబ్బదు. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

ముందర సీట్లలో నేనూ మా తమ్ముడూ, ఎనక ట్యాంకు పక్కన మీ తాత. లారీల దారిలోకి ఎక్కినాం. మా ముందర రాయి లారీ. ఎనుము అడ్డమొచ్చిందని అది నిలబడిపోయింది. మా తమ్ముడు బ్రేకు తొక్కినాడు. వ్యాను లారీకి జానెడు దూరంలో ఆగింది.

మేము ఆగినాం. నీళ్ళు ఆగలేదు.

ట్యాంకు, చట్రం రెండూ కలిసి వచ్చి డ్రైవరు సీటును గుద్దినాయి. సీటుకూ స్టీరింగుకూ నడుమ మా తమ్ముడు. ఎండు కట్టెను మోకాలికేసి ఇరిచినట్ల ఎముకలు ఇరిగిన సద్దు నా చెవి పక్కనే ఇన్నా. చట్రం మొన భుజంలో దిగింది. నోట్లో ఎర్రటి నురగ. అక్కా అనబోయి ఊపిరి చాలక పెదాలు మాత్రం ఆడించినాడు.

అంతలోకే జనం లారీ మీద పడినారు. బ్రేకు సద్దు ఇన్నారు, ఎర్ర లారీ చూసినారు, వ్యాన్లో నెత్తురు చూసినారు. ఇంకేం కావల్ల వాళ్ళకు. డ్రైవర్ను జుట్టు పట్టి కిందికి గుంజినారు. నడిమి వయసాయప్ప. సైకిల్ చైనుతో, చెప్పులతో, రాళ్ళతో కొడతాంటే "ముట్టిల్లప్పా, నాను ముట్టిల్లా" అని అదే మాట అంటాండాడు. నేను తాకలేదప్పా అని. మీ తాత ఎనక తలుపు నుంచి దూకినాడు. తాడు పట్టి ఆపబోయి రెండు అరచేతులూ తోలు ఊడినాయి. మా దిక్కు చూడనే లేదు. ఆ చేతులతోనే రాయి తీసుకోని ఆ గుంపులోకి పోయినాడు.

నేను పిలిచినా. పిలిచినా గానీ ఎవరికి ఇనపడుతుంది? నేను దిగి, ఆ గుంపులో దూరి, మోచేతులు తింటా పోయి మీ తాత చొక్కా పట్టుకున్నా. ఎత్తిన రాయి నా మీదికే తిప్పినాడు. అప్పుడు వచ్చింది గొంతు.

"లారీ మనకు తగల్లేదు. నా తమ్ముణ్ణి చంపుతాండేది నీ ట్యాంకు. రా, వచ్చి తియ్యి."

మీ తాత తిరిగి చూసినాడు. వ్యానుకూ లారీకీ నడుమ జానెడు సందు ఉండాది. అందరూ ఆ సందు దిక్కే చూసినారు. చైను ఎత్తినాయప్ప చైను దించినాడు. రాయి మీ తాత చేతిలోనుంచి నా కాలి మీద పడింది. అది గూడా నాకు తర్వాత తెలిసింది.

ట్యాంకును ఎనక్కి తోస్తే కదల్లేదు. నీళ్ళ బరువు. ఒగ కన్ను మూసుకుపోయిన ఆ లారీ డ్రైవరే లేచి, తూలుకుంటా పోయి, తన లారీలోనుంచి గడ్డపార తెచ్చి మీ తాత చేతికిచ్చినాడు. మీ తాత తాను కట్టిన ట్యాంకును తానే పొడిచినాడు. పొడిచినాడు, పొడిచినాడు, పగిలింది. నీళ్ళు మా కాళ్ళ మీదుగా దారిలోకి ఎర్రగా పారినాయి. అది ధూళి ఎరుపో నెత్తురు ఎరుపో నేను చూడలేదు. తేలికైన ట్యాంకును అందరూ గుంజితే మా తమ్ముడు నా మీదికి ఒరిగినాడు.

ఆ లారీ డ్రైవరు పోలీసులు రాకముందే లారీ ఎక్కి పోయినాడు. ఆయప్పకు ఒగ గలాసెడు నీళ్ళు ఎవరూ ఇయ్యలేదు. కిందంతా నీళ్ళే ఉండె.

మా తమ్ముడు బతికినాడు. ఎడమ చెయ్యి మళ్ళ పైకి లేవలేదు. మీ తాత ఎవరికీ చెప్పకుండా బెంగళూరు పోయి రెడీమేడ్ సెట్టు తెచ్చినాడు. మానని చేతులతో బోల్టులు తానే బిగించినాడు. మా తమ్ముడు వచ్చి, మంచి చేత్తో ఆ పట్టీ పట్టుకోని గుంజి చూసినాడు. మీ తాత బీగంచెవి చాపినాడు.

"తోలేది నేను గాదు బావా," అన్నాడు వాడు. అంతే, గెట్టిగా గూడా అనలేదు.

మీ తాతకు తోలేది రాదు. నేర్చుకున్నాడు. రెండు గోడలు, ఒగ కరెంటు కంబం గుద్ది నేర్చుకున్నాడు. చేతనైనన్నాళ్ళు ఆ సీట్లో, ట్యాంకుకు వీపు పెట్టి ఆయప్పే కూర్చున్నాడు. బయలుదేరే ముందు మా తమ్ముడు వచ్చి ఒగసారి పట్టీ గుంజి పోతాండె. కౌల్ బజార్లో ఎదురుపడితే గూడా ఇద్దరూ మాట్లాడరు. పట్టీ గుంజేది మాత్రం తప్పలేదు. ఇంట్లో ఆయప్ప చెయ్యి నిలిచిందా అంటే, నిలవలేదు. రోంత తగ్గింది. మీకు అబద్ధం ఎందుకు చెప్పల్ల.

కొనండి, చేసుకోండి, అది మీ ఇష్టం. నాకు ట్యాంకుల సంగతి తెలీదు. మీ ఇద్దర్లో చేసుకుందామనేది ఎవరు, బండి తోలేది ఎవరు? అది ముందు చెప్పండి నాకు.