సెలవులో పంపిన రాజీనామా

2023 వానాకాలం. మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద ఒక టైలర్ షాపు పైన నాది నాలుగు కుర్చీల ఆఫీసు. వీసా దరఖాస్తులు, పాస్‌పోర్టు పనులు, సర్టిఫికెట్ల అటెస్టేషన్ చేయించి పెట్టడం నా పని. అంతకుముందు కాకినాడ నుంచి వచ్చి తొమ్మిదేళ్లు సికింద్రాబాద్‌లో ఒక ట్రావెల్ ఏజెన్సీలో పనిచేశాను. ఇక్కడి కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాక, రోజూ అంత దూరం ఎవరు తిరుగుతారని ఈ ఆఫీసు పెట్టుకున్నాను.

వీసా ఆఫీసు అంటే విదేశాలకు పంపించే చోటు అని అందరూ అనుకుంటారు. కండ్లకోయ కాలేజీల పిల్లలు అందుకే వస్తారు. కానీ నా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో సగం వెళ్లడం గురించి కాదు, ఉండటం గురించి. అక్కడ ఉద్యోగం పోయింది, లేదా తామే మానేశారు. మరి ఆ దేశంలో ఎన్ని రోజులు ఉండవచ్చు? ఏ దారిలో ఉండవచ్చు? నాకు ఈ ప్రశ్నలంటేనే ఇష్టం. వెళ్లేవాళ్ల కథలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఉండిపోవాలనుకునే వాళ్లకు మాత్రం ఎవరి కారణం వాళ్లకు ఉంటుంది. ఆ కారణం తెలుసుకోనిదే నాకు అన్నం సయించదు. మావారు దీన్ని వృత్తి అనరు, రోగం అంటారు.

ఆ రోజు పొద్దున వచ్చిన దంపతులది దగ్గర్లోని రావల్కోల్ ఊరు. ఆయన పేరు గౌస్, నలభై దాటిన మనిషి. ఆమె ఫర్జానా. పదకొండేళ్లుగా ఆయన షార్జా శివార్లలో ఒక పెద్దాయన తోటలో మాలీ. రెండేళ్లకోసారి సెలవు మీద ఇంటికి వస్తాడు. గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు యజమానిని అర్బాబ్ అంటారు. ఆయన కూడా ఆ పెద్దాయన పేరు ఒక్కసారీ చెప్పలేదు, అర్బాబ్ అనే అన్నాడు.

కుర్చీలో కూర్చోకముందే ఆయన చూపు కిటికీలో ఉన్న నా గులాబీ కుండీ మీద పడింది. "మట్టి గట్టివడ్డది మేడం, యేర్లకు గాలాడ్తలేదు" అంటూ నా పెన్ను మూత తీసుకుని కుండీలో మట్టి గుల్ల చేయడం మొదలుపెట్టాడు. అడగకుండా నా పెన్ను తీసుకున్నందుకు కోపం రావాలి, కానీ రాలేదు. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఉన్న ద్రాక్ష తోటల్లో తండ్రి దగ్గర కత్తిరింపులు నేర్చుకున్నాడట. ఇక్కడ తోటలు పోయి ప్లాట్లు వచ్చాయి. ఆ విద్య ఆయనతో పాటు షార్జా వెళ్లింది.

"నౌకరి ఇడిసినంక ఆడ ఎన్ని దినాలు ఉండొచ్చు మేడం?" అని అడిగాడు.

ఎందుకు విడిచిపెట్టాలనుకుంటున్నారని అడిగాను. అర్బాబ్ మంచివాడే, ఇబ్బందేమీ లేదు. అయితే అక్కడే ఒక పెద్ద నర్సరీ వాళ్లు సూపర్‌వైజర్ పని ఇస్తామన్నారు. ఉండటానికి రెండు గదుల ఇల్లు ఇస్తారు. భార్యాబిడ్డల్ని తెచ్చుకునే ఫ్యామిలీ వీసాకు తోటమాలి జీతం చాలదు, సూపర్‌వైజర్ జీతం సరిపోతుంది. కూతురు మూడో తరగతి. ఆ పాప పుట్టాక తండ్రి ఆమెతో గడిపినవి నాలుగు సెలవులు. నర్సరీ వాళ్లు వచ్చే నెల మొదటికల్లా చేరాలన్నారు, లేకపోతే వేరే మనిషి సిద్ధంగా ఉన్నాడట.

ఇంత చక్కటి కేసు దొరికితే నాకు పండగే. కాగితం తీసుకుని బొమ్మ గీసి మరీ చెప్పాను. ఉద్యోగం మానేస్తే యజమాని వీసా రద్దు చేస్తాడు, దాన్ని క్యాన్సిలేషన్ అంటారు. ఆ రోజు నుంచి ఆ దేశంలో ఉండటానికి కొన్ని వారాలు గడువు ఇస్తారు, అది గ్రేస్ పీరియడ్. ఎన్ని వారాలన్నది వీసా రకాన్ని బట్టి ఉంటుంది. ఆ లోపల కొత్త కంపెనీ కాగితాలు పెడితే దేశం దాటకుండానే పాత వీసా నుంచి కొత్త వీసాకు మారిపోవచ్చు. దాన్ని స్టేటస్ చేంజ్ అంటారు. ఉద్యోగం ఇంకా వెతుక్కునేవాళ్లకు జాబ్ సీకర్ వీసా అని ఒకటుంది కానీ దానికి డిగ్రీ కావాలి. విజిట్ వీసా మీద ఉండొచ్చు కానీ పని చేయకూడదు. మీకు అవేవీ అక్కర్లేదు, ఉద్యోగం చేతిలో ఉంది, గడువు పుష్కలంగా సరిపోతుంది అన్నాను. టికెట్ ఎప్పుడంటే ఇంకా పదిహేను రోజులుందన్నాడు. నింపాదిగా వెళ్లమన్నాను.

ఇల్లు అలకగానే పండగ అనుకున్నాను నేను. అప్పటిదాకా మాట్లాడని ఫర్జానా అడిగింది.

"రాజీనామా ఈడికెల్లే పంపిండు మేడం. దాంతోని ఏం గాదు గదా?"

నా పెన్ను ఆగిపోయింది. గౌస్ భాయ్ ఫోన్ తీసి చూపించాడు. రావల్కోల్‌లో ఇంట్లో కూర్చుని, నాలుగు రోజుల క్రితం, అర్బాబ్‌కు మెసేజ్ పెట్టాడు. దాని కింద చదివినట్టు గుర్తు ఉంది, జవాబు లేదు.

సెలవు మీద ఉండి రాజీనామా పంపడమేమిటి? అదేదో అక్కడ ఉన్నప్పుడే ఇవ్వొచ్చు కదా అని నేను గట్టిగానే అడిగాను. గౌస్ భాయ్ కుండీ వైపు తిరిగాడు. మళ్లీ ఫర్జానానే చెప్పాల్సి వచ్చింది. ఈయన తండ్రి పోయినప్పుడు అర్బాబ్ స్వయంగా కారు నడిపి విమానాశ్రయంలో దింపాడట. రంజాన్ నెలంతా ఇఫ్తార్‌కు తన పళ్లెం పక్కనే కూర్చోబెట్టుకునేవాడట.

"ఆయన ఉప్పు తిన్న మేడం. మొకం మీద ఇడిసిపోతున్న అని ఎట్ల జెప్పాలె? సెలవుల ఉన్నప్పుడు జెప్తె మర్యాదగ ఉంటది అనుకున్న" అన్నాడు గౌస్ భాయ్.

వాళ్లలో దీనికి మురవ్వత్ అనే మాట ఉంది. మనం మొహమాటం అంటాం కానీ దానికన్నా బరువైనది. మేలు చేసినవాడి ఎదుట నిలబడి కాదనలేకపోవడం అది. ఆయన దృష్టిలో అది తప్పించుకోవడం కాదు, గౌరవం. నాకు మొదట ఒళ్లు మండింది, వెంటనే సిగ్గేసింది. ఎందుకంటే ఆరేళ్ల క్రితం నేను చేసిందీ అదే. నాకు కంప్యూటర్ మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పిన సికింద్రాబాద్ ఏజెన్సీ సార్‌కు, వేరే ఆఫీసు పెట్టుకుంటున్నానని చెప్పలేక, ఆరోగ్యం బాగాలేదని ఉత్తరం రాసి మావారి చేత పంపాను. మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు.

గౌస్ భాయ్‌కు అసలు చిక్కు చెప్పాల్సి వచ్చింది. గ్రేస్ పీరియడ్ ఆ దేశంలో ఉన్నవాడికి ఉండనిచ్చే గడువు. ఇక్కడ రావల్కోల్‌లో ఉండగా వీసా రద్దయితే ఆ గడువుతో పనేముంది? విమానం ఎక్కనివ్వరు. నర్సరీ వాళ్లు మొదటి నుంచి కొత్తగా ఎంట్రీ పర్మిట్ పెట్టాలి, అది నెల మొదటికల్లా వచ్చే పని కాదు. ఇదంతా మొదటే చెప్పాల్సింది. మీరు ఎక్కడ ఉండి మానేశారు అని నేను అడగనే లేదు. ఎదురుగా ఉన్న మనిషి మేడ్చల్‌లో ఉన్నాడని కూడా గమనించని ఘనత నాది.

అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పాస్‌పోర్టు నంబరు కొడితే వీసా బతికుందో లేదో తెలుస్తుంది. ముగ్గురం స్క్రీన్ వైపు వంగి చూశాం. ఇంకా రద్దు కాలేదు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఎవరికీ చెప్పకుండా టికెట్ రేపటికి మార్చుకోండి, దిగాక ఆయన రద్దు చేసినా ఫర్వాలేదు, గడువు మీదే అన్నాను.

"దొంగలెక్క పోను మేడం" అన్నాడు.

"నాలుగు రోజుల కింద మీరు చేసింది మరేమిటి?" అనేశాను. అనకూడని మాట. ఆయన ముఖం ఎర్రబడింది.

ఇక మిగిలింది ఒకటే, అర్బాబ్‌కు ఫోన్ చేసి, నేను వచ్చేదాకా రద్దు చేయకండి అని అడగడం. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆయన ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. నంబరు నొక్కడు, లేవడు. కింద కుట్టుమిషన్ చప్పుడు ఆగి మళ్లీ మొదలైంది. ఫర్జానా గొంతు పెంచలేదు.

"ఆయన మొకం జూసి జెప్పనీకి నీకు మనసొప్పలె. నా మొకం జూడకుంట పదకొండేండ్లు ఎట్ల ఉన్నవ్?"

నేను తల దించుకుని కాగితాలు సర్దాను. కాసేపటికి ఫోన్ మోగుతున్న శబ్దం వినిపించింది. గౌస్ భాయ్ లేచి గోడవైపు తిరిగి అరబ్బీలో మాట్లాడాడు. అర్బాబ్ అన్న ఒక్క మాట తప్ప నాకేమీ తెలియలేదు. తెలియని భాష వింటూ ఉత్కంఠ పడటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. చివరికి ఆయన మాట్లాడటం మానేసి, చాలాసేపు వింటూ తల ఊపాడు.

ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. ఏమన్నాడని ఇద్దరం ఒకేసారి అడిగాం.

"మెసేజ్ జూసిండట. వీసా రద్దుకు ఆఫీసుల ఇయ్యలేదట. పదకొండేండ్లు నా పక్కన కూసోని తిన్నోడు ఫోన్ల ఇడిసిపోడు, వచ్చి జెప్తడు, అప్పుడు జూస్తం అనుకున్నడట."

అంటే ఈయన మర్యాద అనుకుని దాటవేసిన పని కోసమే, అర్బాబ్ అదే మర్యాద అనుకుని అక్కడ కాచుకుని కూర్చున్నాడు. ఆయనకే కాస్త కోపం ఎక్కువై ఆ రోజే సంతకం పెట్టి ఉంటే, నేను గీసిన బొమ్మలన్నీ చెత్తబుట్టలోకే. రెండు రోజుల్లో గౌస్ భాయ్ బయల్దేరాడు.

వారం తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. నాకు బాగా గుర్తుంది. "పొయ్యి ఎదురుంగ నిలవడి జెప్పిన మేడం. ఇగ తిడ్తడేమో అనుకున్న. ద్రాక్ష పందిరి కిందికి తోల్కపోయి, కొత్తోనికి కత్తిరింపు నేర్పిచ్చి పో అన్నడు. నేర్పిస్తున్న." ఆ పని ముగిశాకే అర్బాబ్ క్యాన్సిలేషన్ మీద సంతకం పెట్టాడు. గౌస్ భాయ్ ఆ దేశంలోనే ఉన్నాడు కాబట్టి గడువు దొరికింది, ఆ లోపల స్టేటస్ చేంజ్ అయిపోయింది. నర్సరీలో చేరడం వారం ఆలస్యమైంది. అర్బాబే వాళ్లకు ఫోన్ చేసి, నా తోట పని మీద ఆగాడని చెప్పాడట.

చలికాలం వెళ్లాక ఫర్జానా ఒక్కతే వచ్చింది. నిఖానామా అటెస్టేషన్ కావాలి. పెళ్లి కాగితం నిజమైనదేనని ఇక్కడి ప్రభుత్వం, ఢిల్లీ, ఆ దేశపు ఎంబసీ వరుసగా ముద్ర వేయాలి, అప్పుడే ఫ్యామిలీ వీసా. ఎన్ని రోజులు పడుతుందని అడిగింది, చెప్పాను. కిటికీలో గులాబీ చిగురేసి ఉంది. ఆమె దగ్గరికి వెళ్లి మట్టి వేలితో నొక్కి చూసి, ఆయనకు చెప్తానని ఫోటో తీసుకుంది. నెలన్నర తర్వాత తల్లీకూతుళ్లు శంషాబాద్‌లో విమానం ఎక్కారు.

ఇప్పుడు నా ఆఫీసులో ఒక ఫారం ఉంది. పేరు కన్నా ముందు మొదటి గడిలో ఇలా ఉంటుంది: రాజీనామా ఇచ్చారా, ఇస్తే ఏ దేశంలో ఉండి ఇచ్చారు? నిబంధనలు ఏడాదికోసారి మారుతుంటాయి, ఈ ప్రశ్న మాత్రం మారదు. ఫారంలో లేని రెండోది నోటితో అడుగుతాను, మీ యజమానికి ఎదురుగా చెప్పారా అని. చాలామంది కిటికీ వైపు చూస్తారు.

మొదట్లో ఆ ప్రశ్న ఇతరులను అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. ఒక ఆదివారం సికింద్రాబాద్ వెళ్లాను. సార్‌కు జుట్టు పూర్తిగా నెరిసింది, నన్ను చూడగానే గుర్తుపట్టారు. కూర్చోమన్నా కూర్చోకుండా, నాకు అప్పుడు ఒంట్లో బాగానే ఉంది సార్, సొంతంగా ఆఫీసు పెట్టుకోవాలని మానేశాను అని చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ సంగతి అప్పుడే తెలుసమ్మా. అయినా నిజంగానే ఒంట్లో బాగాలేదేమోనని కనుక్కుందామంటే, నువ్వు ఫోన్ నంబరు కూడా మార్చేశావు" అన్నారు.