రంగులాయన క్షమించలేదు

రంగులాయన పెద్ద మనసు చేసుకుని బావమరిదిని క్షమించేశాడని అందరూ చెప్పుకుంటున్నారు. ఎవరు పుట్టించారో గానీ అది ఉత్త మాట. ఆయన క్షమించలేదు. ఇవాళ్టికీ లేదు. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. గోడలకి చెవులుంటాయంటారే, ఆ గోడకున్న చెవులు నావే.

ఎత్తయిన మేడలకి బయటి గోడల రంగు వెయ్యడం ఆయన పని. దానికి ఇద్దరు కావాలి. ఒకడు తాడుకి కట్టిన బల్ల మీద కూర్చుని, గాల్లో వేలాడుతూ రంగు వేస్తాడు. రెండోవాడు డాబా మీద ఉండి, తాడు పట్టుకుని ఒక్కో అంతస్తూ కిందికి దించుతాడు. గాలి హోరులో, బళ్ళ మోతలో దూరం నుంచి కేకలు వినపడవు కదా, అందుకని ఇద్దరి మధ్యా ఇంకో సన్నతాడు ఉంటుంది. వేలాడేవాడు రెండుసార్లు లాగితే "ఉన్నావా" అని. పైవాడు ఒకసారి లాగితే "ఉన్నాను" అని. ఆ జవాబు వచ్చాకే వేలాడేవాడు కిటికీ ఊచకి తగిలించిన కొక్కెం విప్పుతాడు. విప్పాక వాడి ప్రాణం పైవాడి చేతుల్లో ఉన్నట్టే.

పోయినేడు పైన ఉన్నది బావమరిది, అంటే ఆయన భార్యకి సొంత తమ్ముడు. రంగులాయన రెండుసార్లు లాగాడు. ఒకసారి జవాబొచ్చింది. కొక్కెం విప్పాడు. అంతే, తాడు జర్రున జారిపోయింది. రెండంతస్తుల కిందున్న రేకుల షెడ్డు మీద పడ్డాడు. భుజం ఎముక, మూడు పక్కటెముకలు విరిగాయి. నాలుగు నెలలు మంచం మీదే.

ఆ నాలుగు నెలలూ బావమరిది ఊరందరికీ ఒకటే పాట పాడాడు. బావకి కళ్ళు తిరిగాయట, భయపడి తనే వదిలేశాడట. మంచం పక్కన కూర్చుని, ఆయన ఎదుటే చెప్పాడు. ఈయనకీ ఏమీ గుర్తులేక, నిజమేనేమో అనుకున్నాడు. లేచి తిరిగాక కూడా, బల్బు మార్చడానికి స్టూలెక్కితే కాళ్ళు వణికేవి. మేస్త్రీ మంచివాడు. వేలాడొద్దులే, ఇకనుంచి పైన ఉండి తాడు పట్టుకో అన్నాడు. ఆ పని చూసుకుందామని తను పడ్డ ఆ పాత మేడ డాబా ఎక్కినప్పుడు కనపడింది. మెట్లగది తలుపు గడియకి సన్నతాడు ముక్క ఇంకా కట్టే ఉంది. ఎడమచేతి వాటం ముడి. ఆ ముడి వేసేవాడు వాళ్ళలో ఒక్కడే, బావమరిది.

పెద్దతాడు డాబా మీది ఇనుప ఊచకి ఒక్క చుట్టు చుట్టి, సన్నతాడు తలుపుకి కట్టి, వాడు చక్కా పోయాడన్నమాట. తాడు లాగితే తలుపు వచ్చింది, గాలికి వెనక్కి కొట్టుకుంది. ఆ జవాబిచ్చింది తలుపు.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. చంపేస్తానని అరవలేదు, మెల్లగా చెప్పాడు. అందుకే నాకు భయమేసింది. ఆవిడ అంది, "వాణ్ణి నేను వెనకేసుకు రాను. ఏం చేస్తావో చెయ్యి. తాడు పట్టుకున్న చేతులతో మాత్రం చెయ్యకు. అవే చేతులతో రేపు మన పిల్లదాన్ని ఎత్తుకోవాలి."

మర్నాడు ఏడంతస్తుల మేడ. తాడు మీద బావమరిది, పైన రంగులాయన. వాణ్ణి చూడగానే ఆయన అరచేతులు చెమర్చాయట. స్టూలు మీద భయానికి ఎలా చెమర్చేవో, కోపానికీ అలాగే. ఈ చేతుల్ని నమ్మడానికి లేదు అనుకున్నాడు. అనుకుని ఏం చేశాడంటే, పెద్దతాడుని సిమెంటు స్తంభానికి మూడు చుట్లు చుట్టి, ఇనుప కొక్కేనికి బిగించి, మేస్త్రీని పిలిచి లాగి చూడమన్నాడు.

"ఏంటోయ్, ఏనుగుని కడుతున్నావా?" అన్నాడు మేస్త్రీ.

"ఏనుగు కింద లేదు మేస్త్రీ, పైనే ఉంది" అన్నాడు రంగులాయన. మేస్త్రీకి అర్థం కాలేదు. నవ్వేసి, అక్కడే ట్యాంకు పక్కన రంగు కలుపుకుంటూ కూర్చున్నాడు.

బావమరిది అన్నిటికన్నా పై అంతస్తు పని ముగించి రెండుసార్లు లాగాడు. జవాబు లేదు. మళ్ళీ లాగాడు. లేదు. మూడోసారి లాగి తలెత్తి చూశాడు. బావ పిట్టగోడ మీదికి వంగి ఉన్నాడు. రెండు చేతులూ ముందుకు చాపి చూపిస్తున్నాడు. ఖాళీ చేతులు.

స్తంభం సంగతి వాడికేం తెలుసు. కిటికీ ఊచని రెండు చేతులా వాటేసుకున్నాడు. రంగు డబ్బా ఊగి కాలిమీద ఒలికింది.

"బావా, తాడు ఎవరు పట్టుకున్నారు?"

"ఆ రోజు ఎవరు పట్టుకున్నారో నువ్వు చెప్పు. ఇవాళ్టి సంగతి నేను చెప్తా."

వాడు గొణిగాడు. "గట్టిగా చెప్పరా, మేస్త్రీకి చెవుడు" అన్నాడు ఈయన. కిటికీల దగ్గరికి ఆఫీసు వాళ్ళు చేరారు. అప్పుడు వాడు ఏడుస్తూ అరిచాడు. సిగరెట్ కోసం కిందికి పోయానని, తాడు తలుపుకి కట్టానని, బావకి కళ్ళు తిరగలేదని, అదంతా తను అల్లిన అబద్ధమని. మేస్త్రీ చేతిలో రంగు కలిపే కర్ర అలాగే ఆగిపోయింది.

రంగులాయన ఇంకా కాసేపు వాణ్ణి అలాగే ఉంచాడు. ఎంతసేపని భార్య తర్వాత అడిగితే, చాలినంతసేపు అన్నాడు. ఆ తర్వాతే ఒకసారి లాగాడు. సాయంత్రం దాకా అంతస్తు తర్వాత అంతస్తు, కుదుపు లేకుండా నేల మీదికి దించాడు. అది చూసినవాళ్ళే క్షమించాడని చెప్పుకుంటున్నది. వాడి కాళ్ళు నేలకి తగిలాక ఈయన కిందికొచ్చి ఏమన్నాడో వాళ్ళు వినలేదు. "నీకు ఏమీ కాకూడదని తాడు స్తంభానికి కట్టలేదు. నీ కోసం నేను జైలుకి పోవడం దండగని కట్టాను. మా గడప తొక్కకు."

ఇప్పుడు మేస్త్రీ వాణ్ణి తాడు ముట్టుకోనివ్వడం లేదు. వాడు నేల మీద నిలబడి గేట్లకి రంగు వేస్తున్నాడు. రంగులాయన రోజూ రెండు వీధులు చుట్టు తిరిగి మరీ ఆ గేటు ముందు నుంచి పోతాడు. ఆగి, వాడు తల దించుకునేదాకా చూసి, అప్పుడు కదులుతాడు. అలా చూస్తే కడుపు నిండుతుందా అని భార్య అడిగితే, నిండుతుందనే చెప్పాడు.

నిండేది నిజమే కావచ్చు. కానీ రోజూ పని దిగాక ఆయన తను రంగేస్తున్న మేడ మెట్ల మీద ఒక్కడే కూర్చుంటాడు. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, వణుకు ఆగేదాకా. ఇది మేస్త్రీకి తెలీదు, ఇంట్లోనూ తెలీదు. కూరగాయలకి పోతూ నేను చూశాను. నన్ను చూస్తే లేచి వెళ్ళిపోతాడు, పక్కింటిదాన్ని కదా. మీలో ఎవరైనా సాయంత్రం అటు పోతే కాసేపు పక్కన కూర్చోండి. బావమరిది ఊసెత్తకండి. ఎలా ఉన్నావని అడగండి. బాగానే ఉన్నానంటాడు, అయినా ఇంకోసారి అడగండి.