చెబితే పారని మందు

మా ఆయనకు అరవై ఎనిమిదో ఏట రెండు వైద్యాలు ఒకేసారి మొదలయ్యాయి. ఒకటి నాకు చెప్పి, ఇంకొకటి చెప్పకుండా. జబ్బు మాత్రం ఒకటే. డాక్టరు గారు దాన్ని అంగస్తంభన సమస్య అన్నారు. మా ఆయన "ఆ నీరసం" అన్నారు. అంతకు ముందు రెండేళ్ళు అసలేమీ అనలేదు కాబట్టి, ఆ మాట రావడమే నాకు గొప్పగా అనిపించింది.

ఆయన బందరులో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళో పిల్లలందరినీ ఛాతీ విరిచి నిలబెట్టిన మనిషి. అందుకని బందరులో డాక్టరు దగ్గరికి రానన్నారు.

"అక్కడ కూర్చునేవాళ్ళలో సగంమంది నా స్టూడెంట్లే ఉంటారు. మిగతా సగం వాళ్ళ నాన్నలు."

"నాన్నలైతే మంచిదే కదండీ. వాళ్ళూ అందుకే వచ్చుంటారు," అన్నాను. నవ్వలేదు.

చివరికి గుడివాడలో ఒక డాక్టరు దొరికారు. ఆయన దగ్గర షాక్‌వేవ్ మిషను ఉంది. వారానికొకసారి, ఆరు మంగళవారాలు రమ్మన్నారు. పేరు విని ఈయన కరెంటు షాకేమో అనుకున్నారు. మొదటి రోజు రబ్బరు చెప్పులు విడవకుండానే బల్ల ఎక్కబోయారు. డాక్టరు నవ్వాపుకుని, ఇందులో ఒంట్లోకి కరెంటు పోదని, తరంగాలు తగిలితే రక్తం బాగా ఆడుతుందని ఆశ అని చెప్పారు. ఈయనలా సుగరున్న వాళ్ళలో కొందరికి గుణమిస్తుందని, కొందరికి ఇవ్వదని కూడా ముందే చెప్పారు. గ్యారంటీ అనలేదు కాబట్టి నాకు ఆ డాక్టరు మీద నమ్మకం కుదిరింది.

బయటికొచ్చాక "ఎలా ఉందండీ?" అనడిగాను.

"మీ పెడన షెడ్డులో అచ్చు గుద్దుతారు చూడు, అలా ఉంది. టక్కు టక్కుమని. నొప్పేం లేదు, సిగ్గే."

పెళ్ళయిన కొత్తలోనే నేను పెడనలో ఒక కలంకారీ అద్దకం షెడ్డులో లెక్కలు రాయడానికి చేరాను. ఇరవై తొమ్మిదేళ్ళు చేశాను. ఏ తాను ఏ రోజు కరక్కాయ నీళ్ళలో నానింది, ఏ రోజు అచ్చు పడింది, ఏ రోజు ఉడికింది, అన్నీ పుస్తకంలో ఉండేవి. ఎరుపు సరిగ్గా రాకపోతే షెడ్డులో ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునేవాళ్ళు. నేను పుస్తకం తీసి తేదీలు చూసేదాన్ని. తప్పు ఎక్కడ జరిగిందో సాధారణంగా అందులోనే ఉండేది. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. గోడ మీద క్యాలెండరులో సుగరు, బీపీ, ఎవరికి ఏ రోజు ఏమైందో రాస్తాను. మా ఆయన దాన్ని "నా మీద హాజరు పట్టీ" అంటారు.

ఆ నెల మూడో తేదీ గడిలో "తూలారు" అని రాశాను. ఆరో తేదీన మళ్ళీ తూలారు. పదో తేదీన మంచం మీద నుంచి లేచి, గోడ పట్టుకుని, "ఏం లేదే, కాలు తిమ్మిరెక్కింది," అన్నారు. పదమూడున కూడా కాలే తిమ్మిరెక్కింది. పదిహేడున బాత్రూము గడప దగ్గర తూలి, తలుపు రెక్క దొరకబట్టి ఆగారు. ఇంకొక్క జానెడు ముందుకు పడి ఉంటే తల గచ్చుకు కొట్టుకునేది.

ఆ రోజే క్యాలెండరు ముందు కూర్చున్నాను. మొదట మిషను మీదే అనుమానం వచ్చింది. గుడివాడ వెళ్ళింది అయిదున, పన్నెండున. ఆరు, పదమూడు ఆ మర్నాళ్ళే. మరి మూడో తేదీకి మిషను మొదలే కాలేదు. పది, పదిహేడు మిషనుకు అయిదేసి రోజుల తర్వాత. మిషను కాదు. తూలిన అయిదు రోజులూ ఆదివారాలు, బుధవారాలే.

"ఏవండీ, ఆదివారం, బుధవారం మీరు ఏం తింటున్నారు?"

"నువ్వు పెట్టిందే."

"నేను పెట్టనిది?"

కాసేపు క్యాలెండరు వైపు చూశారు. లేచి వెళ్ళి, బియ్యం డబ్బా వెనక నుంచి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చారు. అందులో గోధుమరంగు పొడి. వాసన చూస్తే అశ్వగంధ తెలిసింది. దానితో పాటు ఉన్న చేదు వాసన ఏమిటో నాకు తెలియలేదు. అవనిగడ్డ అవతల ఒక పల్లెలో వైద్యుడు ఇచ్చాడట. వారానికి రెండు రోజులు, పొద్దున్నే పాలలో కలుపుకోవాలట.

"మరి డాక్టరు గారు వేరే మందులేమైనా వాడుతున్నారా అనడిగితే లేదన్నారుగా?"

"ఇది మందేంటే? ఆకులూ వేళ్ళూను. పచ్చడి తిన్నానని డాక్టరుకి చెబుతామా?"

"పచ్చడైతే బియ్యం డబ్బా వెనక దాచడం దేనికి?"

"మూడో మనిషికి చెబితే మందు పారదన్నాడు."

"మందు కాదంటిరిగా ఇప్పుడే!"

నేను లోపలికి వెళ్తుంటే వెనక నుంచి చిన్నగా అన్నారు. "మొన్న ఒకసారి బాగానే ఉంది కదే. నీకు తెలుసుగా. అది పొడి వల్లేనేమో. మానేస్తే, అదీ పోతే?"

అప్పుడు వేళాకోళం చెయ్యబుద్ధి కాలేదు. "పొడి వల్లో మిషను వల్లో నేనెలా చెప్పనండీ? రెండు రంగులూ ఒకే తొట్టిలో పోశారు. పోతే పోనీండి. నాకు మీరు కింద పడకుండా ఉంటే చాలు. ఎల్లుండి మీ నోటితో మీరే డాక్టరుకి చెప్పాలి."

చెబుతాననీ అనలేదు, చెప్పననీ అనలేదు. మంగళవారం డబ్బాను నా సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

ఆ వేళ డాక్టరు గారు మిషనుతో పాటు ఒక మాత్ర కూడా మొదలుపెడదామని కలం తీశారు. "వేరే ఏమీ వాడట్లేదు కదా మాస్టారూ?" అని మళ్ళీ అడిగారు. ఈయన ఫ్యాను వైపు చూశారు.

డాక్టరు నా వైపు తిరిగారు. "తల తిరగడం లాంటిదేమైనా ఉందామ్మా?"

"ఉందండి. ఆదివారం, బుధవారం తిరుగుతుంది."

"వారాలు చూసుకుని తిరిగే తల ఇదే మొదటిసారి వినడం," అని ఆయన గట్టిగా నవ్వారు. మా ఆయనకూ నవ్వొచ్చేసింది. ఆ నవ్వులోనే, "పొడి ఒకటుందండి," అనేశారు.

డబ్బా బల్ల మీద పెట్టాను. డాక్టరు మూత తీసి చూసి, నవ్వు ఆపేశారు. "మూలికలంటే నాకు పగేం లేదు మాస్టారూ. లేబులు లేని పొడిలో ఏముందో నేను చూసి చెప్పలేను. అశ్వగంధే అనుకున్నా సుగరునూ బీపీనీ తగ్గించవచ్చు. ఇలాంటి పొడుల్లో కొందరు నేను ఇప్పుడు రాయబోయిన మాత్రనే నూరి కలిపేస్తుంటారు. మీ బీపీ మాత్రకు అది తోడై, దాని మీద నాది కూడా పడితే..." అని కలం మూత పెట్టేశారు. పొడి ఆపమన్నారు. మాత్ర సంగతి తర్వాత చూద్దామన్నారు. రెండు రకాల వైద్యం కావాలంటే రెండోది తనకు తెలియకుండా వద్దన్నారు.

ఇరవై, ఇరవై నాలుగు, ఇరవై ఏడు. ఆ మూడు రోజులూ నేను బాత్రూము బయటే నిలబడ్డాను. తూలలేదు. లోపల నుంచి "కాపలా చాల్లే," అని కేకేసేవారు. పొడి మానేశాక మొదట్లో బెంగగానే ఉన్నారు. ఆరు మంగళవారాలూ పూర్తయ్యేసరికి గుణముందా అంటే, ఉంది. వెనకటిలా కాదు, ప్రతిసారీ కాదు. లెక్క నా దగ్గరుంది, ఇక్కడ రాయను.

ఆరో మంగళవారం గుడివాడలో పాసింజరు ఎక్కాక మా ఆయన నోరు మూయలేదు. రెండేళ్ళు దాచుకున్నదంతా రైలు చప్పుడును మించిన గొంతుతో చెబుతున్నారు. ఎప్పుడు మొదలైంది, ఎంత భయపడ్డారు, నాకు తెలిసిపోతుందేమోనని ఎన్నిసార్లు నిద్రపోయినట్టు నటించారు.

"ఆ నటన నాకు ఎప్పుడో తెలుసండి. నిద్రలో మీరు గురక పెడతారు. నటించేటప్పుడు పెట్టరు."

"మరి అడగలేదేంటే?"

"మీరు చెబుతారని చూశాను."

ఎదుటి సీట్లో పెద్దాయన చదువుతున్న పేపరు అప్పటికే కిందికి దిగింది. నేను ఈయన మోచెయ్యి గిల్లాను. "కాస్త నెమ్మదిగా. పెడన వస్తోంది. షెడ్డువాళ్ళు ఎక్కుతారు."

"ఎక్కనీవే," అన్నారు, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. "వాళ్ళలో ఎంతమందికి అవసరమో!"