హంబకర్ రొద, పెద్దత్త పాట

ఆ రోజుల్లో ఫోన్‌లో ఒక వీడియో చూస్తే చాలు, ఏ పనైనా వచ్చేసినట్టేనని మాలాంటివాళ్లకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో చేతులు కాల్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. నావి మాత్రం నిజంగానే, వైర్లు అతికించే సాల్డరింగ్ ఐరన్‌తో కాలాయి. డిప్లొమా సగంలో ఆపేసి, కడప నుంచి రాజంపేట పోయే దారిలో ఉన్న మా ఊరికి తిరిగొచ్చి, పనీపాటా లేకుండా ఉన్న కాలమది. బెంగళూరులో ఉద్యోగం చేసే మా బావ తనకు విసుగెత్తిన ఎలక్ట్రిక్ గిటార్‌ను నాకిచ్చి పోతే, ఆదివారం మా చర్చిలో దాన్ని వాయించేవాణ్ణి. వారమంతా ‘ఏం చేస్తాండావప్పా’ అని అడిగేవాళ్లకు జవాబు చెప్పలేక సందులు మారి తిరిగే నాకు, ఆ కాసేపు మాత్రం నేనూ ఒక మనిషినే అనిపించేది. (నవ్వకండి, ఆ వయసులో అది చిన్న సంగతి కాదు.)

ఆ గిటార్ తీగల కింద, వాటి కదలికను పట్టి స్పీకర్‌కు పంపే హంబకర్ అనే పికప్ ఉండేది. పేరు చూసి భయపడనక్కర్లేదు. పక్కపక్కనే రెండు రాగితీగ చుట్టలు, వాటికింద అయస్కాంతం, అంతే. ట్యూబులైట్ల నుంచీ కరెంటు వైర్ల నుంచీ వచ్చే గుయ్యిమనే రొదను రెండు చుట్టలూ పట్టుకుంటాయి గానీ, ఒకదానికొకటి ఎదురుగా పట్టుకోవడం వల్ల ఆ రొద ప్లస్సూ మైనస్సూలా అక్కడికక్కడే చెల్లిపోతుంది. తీగల నాదం మాత్రం రెండింతలై బయటికొస్తుంది. ఈ చుట్టలను ఒకదాని వెనక ఒకటి కలిపితే సిరీస్, నాదం బరువుగా ఉంటుంది. పక్కపక్కన కలిపితే ప్యారలల్, కొంచెం పలచన. ఒక చుట్టను పూర్తిగా ఆపేస్తే స్ప్లిట్. అప్పుడు గిటార్ సన్నగా, తేటగా పలుకుతుంది గానీ, తోడు లేని చుట్ట కదా, రొద మళ్లీ వచ్చేస్తుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు వాయించుకోక నాకు మూడూ కావాలనిపించింది. కడపకు పోయి మూడు వైపులకు తిరిగే స్విచ్చి తెచ్చుకుని, గిటార్ పొట్ట విప్పాను.

లోపల నాలుగు రంగుల వైర్లు కనిపించాయి. వీడియోలో మనిషి ఏ రంగుకు ఏ రంగు కలపమంటే అదే కలిపాను. ఒక్కో కంపెనీ రంగులు ఒక్కో తీరుగా ఉంటాయని ఆయన మొదట్లోనే చెప్పాడు. అదంతా సోది అనుకుని నేనే దాటేశాను. దాంతో ఒక చుట్ట తలకిందులైంది. చెల్లిపోవాల్సిన రొద రెండింతలైంది, రెండింతలు కావాల్సిన నాదం చెల్లిపోయింది. ఇంట్లో చిన్న స్పీకర్లో అంతగా తెలియలేదు గానీ, బండలు పరిచిన మా చర్చిలో, అందరూ మౌనంగా ప్రార్థన చేస్తున్నప్పుడు బాగా తెలిసింది. పాస్టరయ్యగారు ఒక కన్ను తెరిచారు. సంఘపెద్ద అయిన మా చిన్నాయన రెండూ తెరిచాడు.

ఆరాధన అయ్యాక ఆయన నా దగ్గరికొచ్చి, “ఏందప్పా, గుళ్లో బోరు మోటర్ వేసినావా?” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, ఆయన నవ్వలేదు. “వచ్చే వారం గూడా ఈ సద్దు వచ్చిందంటే దాన్ని ఇంట్లోనే పెట్టుకో. హార్మోనియం ఉండాది, డోలక్ ఉండాది. మాకవి శాలు.”  గిటార్ పోతే ఆదివారం కూడా సందులు మారి తిరగాల్సిందే.

ఆ వారమంతా వైర్లు ఊడదీసి, మళ్లీ అతికించి, చివరికి సరిగ్గా కలిపాను. ఆదివారం సిరీస్‌లో పెట్టి వాయిస్తే రొద లేదు సరికదా, నాదం గోడలకు తగిలి తిరిగొస్తోంది. నేను పొంగిపోయాను. అయితే మా చర్చిలో పాట ఎత్తేది పెద్దత్త, చిన్నాయనకు అక్క. ఆమె మొదటి చరణం ఎత్తితే ఆ శ్రుతి పట్టుకుని మిగతావాళ్లం అందుకోవడం పద్ధతి. ఆ రోజు పాట రెండో పాదానికే ఆమె గొంతు నా గిటార్ కింద వినిపించకుండా పోయింది. ఆమె ఒకసారి అటూ ఇటూ చూసి, పాట ఆపి, పైట తలమీదికి లాక్కుని నేల చూస్తూ కూర్చుంది. 

నాదం సన్నబడితే ఆమె గొంతు వినిపిస్తుందనుకుని, ఇక ఆలోచించకుండా స్విచ్చిని స్ప్లిట్‌కు తిప్పేశాను. (మధ్యలో ప్యారలల్ ఉందనీ, అది పలచగానూ ఉంటుందనీ, రొదా రాదనీ నాకు మంగళవారం గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పలేదు.) గుయ్యిమని మొదలైంది. ముందు వరసలోంచి చిన్నాయన లేచాడు. నా చేయి ఆగిపోయింది, చర్చిలో ఆ రొద ఒక్కటే మిగిలింది. నా పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు పెద్దత్త తల ఎత్తింది. కళ్లు మూసుకుని, సరిగ్గా ఆ రొద మీదే గొంతు ఆనించి, పాట మొదటినుంచీ ఎత్తింది. ఆమె వెంట అందరూ అందుకున్నారు. ఎప్పుడూ తలో శ్రుతికి జారిపోయే ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకే శ్రుతిలో పాడటం నేను వినడం అదే మొదలు. నా వైపు వస్తున్న చిన్నాయన దారిలోనే, ఆడవాళ్ల చాప మీదే కూలబడిపోయాడు.

పాట అయ్యాక పెద్దత్త ఆయనతో, “ఉండనీ రా ఆ సద్దు. నాకు సుతి దొరికింది దాంట్లో” అంది.  ఆనాటి నుంచీ ప్రతి ఆదివారం పాటకు ముందు ఒక చుట్టను ఆపేసి ఆమెకు రొద ఇవ్వడం నా పనైంది.

కొన్నేళ్లకు పెద్దత్త పోయింది. ఆ తర్వాతి ఆదివారం పాట ఎత్తేవాళ్లు లేక ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నాం. చిన్నాయన లేచి, నా వైపు చూడకుండానే, “అప్పా, అక్క సద్దు పెట్టు” అన్నాడు. పెట్టాను. కాసేపు అదొక్కటే మోగింది. ఆ తర్వాత, పాటల్లో ఏనాడూ పెదవి విప్పని ఆ మనిషి తనే ఎత్తుకున్నాడు, శ్రుతికి శానా దూరంలో. మేమందరం శ్రుతిని వదిలేసి ఆయన్నే అందుకున్నాం. ఏ తీగ మీద వేలు వేయాలో తెలియక, ఏడుస్తూ నవ్వుతూ ఆయన వెంటపడి వాయించిన ఆ కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, తలచుకుంటే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది.