దొరసాని సబ్బు రేకు

నిన్నటి నుంచి సిగ్గుగా ఉంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ప్లేనోలో స్నేహితురాలి గృహప్రవేశానికి వెళ్తే, బాత్రూమ్ గోడ మీద తెల్లదొరల కాలం నాటి సబ్బు ప్రకటన రేకు అలంకారంగా తగిలించి ఉంది. తొట్టిలో దొరసాని, పక్కన తువ్వాలు పట్టుకున్న నల్లటి ఆయా. గుర్తుందా మీకు, అలాంటి పాత రేకులు మన ఇళ్ళల్లో దేనికో ఒకదానికి అడ్డంగా ఉండేవి? మా అమ్మమ్మ ఇంట్లో ఇలాంటిదే స్నానాల దడికి మేకులతో కొట్టి ఉండేది. రేకంతా తుప్పు పట్టినా దొరసాని చెయ్యి మాత్రం తెల్లగా మెరిసేది.

అమ్మమ్మ సున్నిపిండి రుద్దుతూ, "ఇంకాస్త ఓర్చుకోవే, ఆ దొరసానిలా రంగు తేలతావు" అనేది. మండుతున్న చేతిని రోజూ ఆ తెల్లటి చేతి పక్కన పెట్టి చూసుకునేదాన్ని. ఆయా వైపు చూసేదాన్నే కాదు.

నిన్న మా ఆరేళ్ళ పాప కూడా రేకు మీద చెయ్యి ఆనించింది, ఆయా చేతి పక్కన.

"అమ్మా, లుక్! ఈ ఆంటీ నా కలర్!" అని సంబరంగా అరిచింది.

గుమ్మంలో నిల్చున్నవాళ్ళు నవ్వారు. నేను గబుక్కున పాప చెయ్యి లాగేశాను.

పాప అరచెయ్యి తిప్పి చూసుకుంది. "డర్టీనా అమ్మా? వాష్ చేసుకోనా?" అంటూ సబ్బు అందుకుంది.