నలభయ్యో నంబరు దగ్గర

పడిపోయిన సర్వర్‌ను తన చేత్తోనే లేపాలన్నది పెంచలకృష్ణ పంతం. గూడూరులో ఆయనదో చిన్న కంప్యూటర్ ఆఫీసు. అక్కడి సర్వర్ నుంచి ఒక ప్రోగ్రాం రోజూ సాయంత్రం నాలుగింటికి, పులికాట్ పక్క పల్లెల్లో నలభై మంది పడవల వాళ్ళ ఫోన్లకు ఆ రాత్రి గాలి ఎలా ఉంటుందో కబురు పంపుతుంది. ముప్పై తొమ్మిది మందికి పంపి, సరిగ్గా నలభయ్యో నంబరు దగ్గర చతికిలబడుతుంది.

"పడితే దానంతటదే లేచేట్టు రెండు లైన్లు రాస్తా అన్నా," అని రేవతి ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ పోరుతోంది.

"వద్దమ్మా. సోమరిదైపోతాది."

"అది మిషనన్నా!"

"అందుకే చెప్తా ఉండా."

చేతిలో మిరపకాయ బజ్జీ ఉన్నా సరే, ఆ నూనె వేళ్ళతోనే వచ్చి లేపేవాడు. ఎంటర్ మీట కింద చీమలు కాపురం పెట్టాయి.

లేపే ముందు నలభయ్యో మనిషి చిన్నపోలయ్యకు ఫోన్ చేసి, "సర్వర్ పడిపొయ్యింది పెద్దాయనా, నోటితో చెప్తా విను," అనేవాడు.

"చేతకాకపోతే మూసెయ్యరాదా అయ్యా!" అని అవతలి అరుపు ఆఫీసంతా వినపడేది. ఈయన బుద్ధిగా తల ఊపేవాడు. రేవతికి ఒళ్ళు మండేది.

ఒకరోజు ఆయన మేనకోడలి చెవులు కుట్టించడానికి మనుబోలు వెళ్ళాడు. సందు దొరికింది కదా అని రేవతి ఆ రెండు లైన్లూ రాసేసింది. నాలుగైంది. నలభై మందికీ కబురు వెళ్ళింది. సర్వర్ అసలు పడనే లేదు. ఆ సంబరంలో ఉండగానే చిన్నపోలయ్య ఫోన్ చేశాడు.

"ఏందమ్మా, ఈ పొద్దు మీ సర్వర్ పళ్ళేదా?"

"పళ్ళేదు తాతా! ఇంక పడినా అదే లేస్తాది. మెసేజ్ వచ్చింది గదా?"

"వచ్చింది." ఫోన్‌లో గాలి హోరు. "కళ్ళజోడు ఇంట్లో పెట్టొచ్చినా. పడవ తియ్యనా, వద్దా?"

కళ్ళజోడా! మొన్న ఆఫీసుకొచ్చి పది గజాల దూరం నుంచి రేవతి చెవి మీది దోమను చూపించిన మనిషికి కళ్ళజోడా! మెసేజ్‌లో ఉన్నది పెనుగాలి వస్తుందని, ఎవరూ వెళ్ళొద్దని.

"తాతా, ఇప్పుడే పడిపొయ్యింది సర్వర్! నోటితో చెప్తా. పెనుగాలి. పడవ తియ్యొద్దు!"

"అనుకున్నా! ఆ పెంచలకృష్ణ ఒక్కడే చేతకానోడనుకుంటే నువ్వూ అంతేనా!" అన్నాడాయన నిశ్చింతగా.

రేవతి సర్వర్ పాత రికార్డు తెరిచింది. ఏ రోజూ ప్రోగ్రాం దానంతటది పడలేదు. నలభయ్యో నంబరు రాగానే పెంచలకృష్ణే ఆపుతున్నాడు. తనకు చదవడం రాదని ఆ ముసలాయన ఒప్పుకోవాల్సిన అవసరం రాకుండా, రోజూ తిట్లు తిని తానే చేతకానివాడయ్యాడు. పైగా అబద్ధమాడటం రాదు కనుక, నిజంగానే ఆపి మరీ చెప్పేవాడు. రేవతికి సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

మర్నాడు పెంచలకృష్ణ తెర చూసి బిక్కమొహం వేశాడు. "దానంతటదే లేచేట్టు పెట్టేసినావా?"

"పెట్టినా అన్నా. నలభయ్యో నంబరు దగ్గర మాత్రం పడింది పడినట్టే ఉండాది. ఏం చేసినా లేవదు. మీరే ఫోన్ చెయ్యాల."

ఆయన బజ్జీల పొట్లం ఆమె వైపు జరిపి, "పాత సర్వర్ గదమ్మా," అన్నాడు.