టైగర్ తల ఎవరు పట్టుకుంటారు?

ఫోన్లలో నాయకులు ముద్దుచేసే కుక్కలు నిజంగా వాళ్ళవేనా అని అడిగావు కదా చిన్నీ, కొన్ని వాళ్ళవే. నేను చూసిన ఒకదాని సంగతి చెప్తాను. 2023 చలికాలం. అవనిగడ్డ పశువుల ఆసుపత్రిలో నేను కాంపౌండర్‌ని. ఆ పొద్దున మంచు విడలేదు. వరిచేల మీద కొంగలు తేలుతున్నట్టున్నాయి. ఆ తెల్లదనంలోంచి ఒక కారు చప్పుడు లేకుండా వచ్చి ఆగింది.

దిగింది ఎన్నికల్లో నిలబడబోతున్న ఒక నాయకుడు. గొలుసు చివర నల్ల కుక్క, టైగర్. సముద్రపు ఒడ్డున అది ఆయన వెంట పరిగెత్తిన వీడియో అప్పటికే మా అందరి ఫోన్లలో ఉంది. వారంగా తిండి ముట్టడం లేదట. డాక్టరుగారు చూసి, బలానికి ఇంజెక్షన్ రాశారు. నాయకుడి సోషల్ మీడియా మేనేజర్ ఫోన్ పైకెత్తాడు.

సూది వేసేటప్పుడు జంతువును కదలకుండా పట్టుకోవడాన్ని రిస్ట్రెయింట్ అంటాం. తల మాత్రం పెంచినవాళ్ళే పట్టుకోవాలి. అది మా పద్ధతి.

"తల పట్టుకోండి సార్," అన్నాను.

ఆయన చెయ్యి వేశారు. కుక్క గుర్రుమంది. చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"మీరే పట్టుకోండమ్మా."

"నేను సూది వెయ్యాలి కదండీ."

"నేను పట్టుకోనాండీ?" అని గుమ్మంలోంచి వినిపించింది. చేపలమ్మే నాంచారమ్మ. "ఇది మాదేనండి. వీడియోకని, రెండ్రోజుల్లో ఇచ్చేస్తామని తీసుకెళ్ళారు. నెలైంది. కారు వెనకాలే ఆటోలో వచ్చేశా."

"నల్లోడా" అని ఆమె పిలవగానే అది ఆమె మోచేతిలో తల దూర్చి కళ్ళు మూసుకుంది. సూది దిగినట్టు కూడా దానికి తెలియలేదు.

"అమ్మా, పక్కకి జరుగు. ఫ్రేములోకి వస్తున్నావ్," అన్నాడు మేనేజర్.

"నేను జరిగితే ఇదీ జరుగుద్ది బాబూ!"

అతను ఫోన్ కిందికి దించి, "సార్, జనానికి ఇది మీ కుక్కే. ఇచ్చేస్తే కామెంట్లలో ఆడుకుంటారు," అని గొణిగాడు.

నాంచారమ్మ నా వైపు చూసింది. "ఆవిడ దగ్గరైతే తింటుందండీ," అన్నాను. "నాకు తెలిసిన మందు అదే."

నాయకుడు దగ్గరికి వచ్చి, దాని వీపు మీద చెయ్యి వేశారు. ఈసారి గుర్రుమనలేదు.

"రాత్రుళ్ళు నా మంచం కిందే పడుకునేదమ్మా. తెల్లారేసరికి గుమ్మం దగ్గరుండేది," అన్నారు మెల్లగా. "తీసుకెళ్ళు."

ఆమె దాన్ని భుజానికెత్తుకుని మంచులోకి నడిచింది. ఇద్దరూ కొంచెం కొంచెంగా తెల్లబడి, కనిపించకుండా పోయారు.

తర్వాత రిటైరయ్యేదాకా, జంతువును ఎవరు తెచ్చారని కాక, ఎవరి చేతిలో ఊరుకుందో చూసేదాన్ని.

ఆయన ఆ రోజు అన్న మాటలు ఏ వీడియోలోనూ రాలేదు. ఫోన్లో రికార్డింగ్ ఆగిపోయిందనుకుని అన్నారా, ఇంకా నడుస్తోందనుకుని అన్నారా?